చిత్రతురగం నుంచి చిత్రరథం దాకా: 'గ్రాన్ టురిస్మో' వీడియోగేమ్‌లో వాస్తవికత - ఆకర్షణ

వ్యాససంగ్రహం:

కారు పందేల వీడియోగేముల్లో వాస్తవికతనే తన ప్రధానగుణంగా ప్రకటించుకున్న శ్రేణి 'గ్రాన్ టురిస్మో'. ఈ ఆట ఆకర్షణకు కారణం నిజమైన కార్లను, రహదారులను అచ్చంగా పోలిన దృశ్యాలేనన్న అభిప్రాయం బలంగా ఉంది. ఈ అభిప్రాయాన్ని భారతీయ రసచర్చలోని శంకుకుని అనుమితివాదం, చిత్రతురగన్యాయం, వాటిపై భట్టతౌతుడు చేసిన ఆక్షేపణల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆటగాడు తెరమీది సంకేతాల ఆధారంగా కనిపించని బలాలను ఊహించి, ఆ ఊహను వెంటనే చర్యతో పరీక్షించుకోవడమే ఈ ఆకర్షణకు మూలమని ప్రతిపాదిస్తుంది. ఈ వాస్తవికత దేనిని విడిచిపెడుతుందో, ఆ విడిచిపెట్టినది ఆట సరిహద్దు దాటినప్పుడు ఎలా ఎదురవుతుందో జీటీ అకాడమీ, 2015 నాటి నూర్బుర్గ్‌రింగ్ ప్రమాదం, 2023 నాటి చలనచిత్రం ఆధారంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: వీడియోగేమ్, గ్రాన్ టురిస్మో, వాస్తవికత, అనుకరణ, అనుమితివాదం, చిత్రతురగన్యాయం, శంకుకుడు, భట్టతౌతుడు.

1. ఉపోద్ఘాతం:

ఇంట్లో కూర్చుని తెరమీద కారు నడపడంలో ఉన్న ఆనందం ఏమిటన్న ప్రశ్నకు 'వేగం' అన్న సమాధానం వెంటనే స్ఫురిస్తుంది. ఆ సమాధానం సగమే సరైనది. వేగమే లక్ష్యమైతే 1993లో వచ్చిన 'రిడ్జ్ రేసర్' వంటి ఆటలు దానిని మరింత సులభంగా అందించాయి. వాటిలో కారు మలుపులోకి పక్కవాటుగా జారుతూ దూసుకుపోతుంది, బ్రేకు అవసరం తక్కువ. వాస్తవికతను కోరే ఆట ఇందుకు భిన్నంగా ఆటగాణ్ణి నెమ్మదించమంటుంది. మలుపుకు ముందే బ్రేకు వేయని వారిని రహదారి బయటికి నెట్టేస్తుంది. ఒకే మలుపును పదేపదే తప్పి, మళ్లీ మళ్లీ ప్రయత్నించేలా చేస్తుంది. సులభమైన వేగం అందుబాటులో ఉండగా కష్టమైన వేగాన్ని లక్షలాదిమంది ఎందుకు కోరుకున్నారన్నది ఈ వ్యాసం చర్చించే సమస్య.

ఫ్రెంచి చింతకుడు రోజే కయ్వా 1958లో ఆటలను పోటీ, అదృష్టం, అనుకరణ, తలతిరుగుడు అని నాలుగుగా వర్గీకరించాడు. కారు పందెంలో పోటీ స్పష్టంగానే ఉంది. తలతిరుగుడు మాత్రం తెరముందు కదలకుండా కూర్చున్న శరీరానికి చాలా పలుచగానే అందుతుంది. మిగిలిన ప్రధానాంశం అనుకరణ. వాస్తవికమైన ఆటల గురించి జరిగే చర్చ ఎక్కువగా దీని చుట్టూనే తిరుగుతుంది. అందువల్ల అనుకరణ అంటే ఏమిటో ముందుగా తేల్చుకోవలసి ఉంది. ఈ విషయంలో భారతీయ రసచర్చ సునిశితమైన పరికరాలను అందిస్తుంది.

2. 'గ్రాన్ టురిస్మో' నేపథ్యం:

నిజమైన రహదారిని తెరమీదికి తేవాలన్న ప్రయత్నం 'గ్రాన్ టురిస్మో'తో మొదలుకాలేదు. 1982లో నామ్కో సంస్థ రూపొందించిన 'పోల్ పొజిషన్' జపాన్‌లోని ఫుజి స్పీడ్‌వేను ఆధారం చేసుకుంది. 1989లో పపైరస్ సంస్థ తెచ్చిన 'ఇండియానాపొలిస్ 500' కారు అమరికలో చేసే మార్పులు నడకలో కనిపించేలా రూపొందింది. అయితే ఇటువంటి ఆటలు వ్యక్తిగత కంప్యూటర్లు ఉన్న కొద్దిమంది అభిరుచిపరులకే ఎక్కువగా పరిమితమయ్యాయి.

యమౌచి కజునోరి నాయకత్వంలోని బృందం సుమారు ఐదేళ్లు శ్రమించి 1997 డిసెంబరు 23న జపాన్‌లో ప్లేస్టేషన్ యంత్రం కోసం 'గ్రాన్ టురిస్మో'ను విడుదల చేసింది. అందులో సుమారు 140 కార్లు, 11 ట్రాకులు ఉన్నాయి. కోటికి పైగా ప్రతులు అమ్ముడై, ఆ యంత్రంపై అత్యధికంగా అమ్ముడైన ఆటగా అది నిలిచింది. అందులోని కార్లలో ఎక్కువభాగం పందెపు కార్లు కావు. వీధిలో కనిపించే మాజ్దా, హోండా, టొయోటా కార్లు అవి. ఆటగాడి చేతిలో మొదట 10,000 క్రెడిట్లు మాత్రమే ఉంటాయి. వాటితో సాధారణంగా వచ్చేది వాడిన కారే. ఈ ఎంపిక వెనుక లోతైన ఆలోచన ఉంది. విమానం వంటి పందెపు కారు గురించి ఆటగాడికి ఏ ముందస్తు అనుభవమూ ఉండదు. తండ్రి నడిపిన చిన్న కారు గురించి ఎంతో కొంత ఉంటుంది. పరిచితమైన వస్తువును ఆరంభబిందువుగా పెట్టి, దానిలోని అపరిచితమైన ప్రవర్తనను క్రమంగా ఆవిష్కరించడం ఈ శ్రేణి అనుసరించిన పద్ధతి.

3. అనుకరణ అనే సమాధానం - దాని పరిమితి:

భరతుని రససూత్రాన్ని వ్యాఖ్యానించినవారిలో శంకుకుడు ఒకడు. ఆయన గ్రంథం లభించలేదు. ఆయన అభిప్రాయాలు ప్రధానంగా అభినవగుప్తుని 'అభినవభారతి' ద్వారానూ, మమ్మటుని 'కావ్యప్రకాశం' ద్వారానూ తెలుస్తున్నాయి. నటుణ్ణి చూసి ప్రేక్షకుడు 'ఇతడు రాముడు' అని గ్రహించే తీరును వివరించడానికి ఆయన బొమ్మగుర్రాన్ని దృష్టాంతంగా తెచ్చాడు. గుర్రపు చిత్రాన్ని చూసి 'ఇది గుర్రం' అంటాము. ఆ జ్ఞానం యథార్థజ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానం కాదు, సంశయం కాదు, సాదృశ్యజ్ఞానమూ కాదు. ఈ నాలుగింటికీ భిన్నమైన ప్రతీతి అది. దీనికే చిత్రతురగన్యాయమని పేరు.

తెరమీది కారు విషయంలో ఈ న్యాయం చక్కగా వర్తిస్తుంది. ఆటగాడు దానిని నిజమైన కారని భ్రమపడడు. కారు కాదని తలచి ఉదాసీనంగానూ ఉండడు. కారా కాదా అని సందేహించడు. 'ఇది కారు వంటిది' అని ప్రతిక్షణం పోల్చుకుంటూ కూర్చోడు. 'నా కారు వెనుకభాగం జారుతోంది' అనే అంటాడు. ఆ వాక్యంలోని 'నా కారు' శంకుకుని బొమ్మగుర్రానికి సమీపబంధువు.

అయితే అభినవగుప్తుని గురువు భట్టతౌతుడు అనుకరణవాదాన్ని గట్టిగా ఎదుర్కొన్నాడు. మూలాన్ని చూసినవాడే ఒకటి దానికి అనుకరణ అని చెప్పగలడు. రాముణ్ణి చూసిన ప్రేక్షకుడెవరూ లేనప్పుడు నటుని చేష్టను రాముని అనుకరణగా ఎవరు గుర్తిస్తారన్నది ఆయన ఆక్షేపణ. ఈ ప్రశ్న వీడియోగేమ్ విమర్శకు నేరుగా వర్తిస్తుంది. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌ను ట్రాకుపై దాని హద్దు వరకు నడిపినవారు ఆటగాళ్లలో అత్యల్పులు. అయినా వారిలో అధికసంఖ్యాకులు 'ఈ కారు అచ్చం నిజమైనదానిలా నడుస్తుంది' అని నిశ్చయంగా అంటారు. మూలాన్ని ఎరుగనివారు నకలు విశ్వసనీయతను ఏ ప్రమాణంతో నిర్ణయిస్తున్నారు?

నిజానికి మూలంతో పోల్చే అవకాశం వచ్చినప్పుడు తేడాలు బయటపడుతూనే ఉంటాయి. 2005లో బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమం 'టాప్ గేర్'లో జెరెమీ క్లార్క్‌సన్ అమెరికాలోని లగూనా సెకా ట్రాకుపై హోండా ఎన్ఎస్ఎక్స్‌ను నడిపి చూశాడు. అదే కారుతో, అదే ట్రాకుపై ఆటలో సాధించిన సమయాన్ని ఆయన అందుకోలేకపోయాడు. ఈ తేడా బయటపడినా శ్రేణికి ఉన్న ఆదరణ తగ్గలేదు. కాబట్టి మూలంతో పోలిక ఆకర్షణకు తోడ్పడుతుందే కాని దానికి ఆధారం కాదని భావించవలసి ఉంటుంది.

4. చప్పుడు నుంచి పట్టు దాకా: అనుమితి:

శంకుకుని సిద్ధాంతంలో చిత్రతురగంకన్నా ముఖ్యమైనది అనుమితి. ఇక్కడ అనుమానమంటే లోకవ్యవహారంలోని సందేహం కాదు. హేతువును చూసి సాధ్యాన్ని నిర్ణయించే తర్కశాస్త్రప్రక్రియ. నటుడు ప్రదర్శించే విభావానుభావాలు కృత్రిమాలే అయినా ప్రేక్షకుడు వాటిని కృత్రిమాలుగా గణించడు. వాటిని హేతువులుగా గ్రహించి, నటునిలో లేని స్థాయీభావాన్ని ఊహిస్తాడు. అదే రసమని శంకుకుని మతం.

వాస్తవికమైన కారు పందెపు ఆట అనుమితిపైనే నిలిచింది. నిజమైన కారులో చోదకునికి బలాలు శరీరం ద్వారా తెలుస్తాయి. మలుపులో దేహం పక్కకు ఒరుగుతుంది, బ్రేకు వేస్తే ముందుకు తూలుతుంది, సీటు అడుగునుంచి రహదారి గరుకుదనం తెలుస్తుంది. తెరముందు కూర్చున్నవారికి ఇవేవీ లేవు. అందువల్ల ఆట ఈ బలాలన్నింటినీ చిహ్నాలుగా మారుస్తుంది. టైరు కీచుమంటే పట్టు హద్దుకు చేరిందని తెలుస్తుంది. ఆ కీచు లోతైన రాపిడిగా మారితే హద్దు దాటిందని తెలుస్తుంది. బానెట్ కిందికి వంగితే బరువు ముందుచక్రాలపైకి వచ్చిందని, చేతిలోని కంట్రోలర్ అదిరితే చక్రం రహదారి అంచుదిమ్మెలను ఎక్కిందని గ్రహించాలి. పొగను బట్టి నిప్పును ఊహించడం తర్కశాస్త్రానికి చిరపరిచితమైన ఉదాహరణ. ఇక్కడ టైరు పొగను బట్టి జారుడును ఊహించవలసి ఉంటుంది.

ఈ ఊహలను ఒక నియమం ముడివేస్తుంది. టైరుకు ఉన్న పట్టు పరిమితమైనది. దానినే బ్రేకుకూ మలుపుకూ పంచాలి. మొత్తం పట్టును బ్రేకుకే ఖర్చుచేస్తే స్టీరింగ్ తిప్పినా కారు తిరగదు, ముందుకే పోతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా వదిలితే బరువు ముందుకు మారి, వెనుకచక్రాలు తేలికై, కారు వెనుకభాగం బయటికి జారుతుంది. మలుపుకు ముందు తగ్గి, లోపలి అంచును తాకి, బయటికి వస్తూ వేగం పెంచాలన్న చోదకనీతి ఈ నియమం నుంచే పుట్టింది. ఆటగాడికి ఈ సూత్రాన్ని ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేదు. తప్పిన ప్రతి మలుపూ ఆ సూత్రాన్నే వేర్వేరు రూపాల్లో చూపుతుంది.

భట్టతౌతుని ప్రశ్నకు సమాధానం ఇక్కడే లభిస్తుంది. ఆటగాడు మూలంతో పోల్చి వాస్తవికతను నిర్ణయించడం లేదు. నిన్న ఒక కారులో ఫలించిన ఊహ నేడు మరో కారులో, దాని బరువుకు తగిన మార్పుతో, మళ్లీ ఫలిస్తోందా లేదా అన్నదే అతని ప్రమాణం. ఆ లోకం తన నియమాలకు తాను కట్టుబడినంతకాలం అది అతనికి వాస్తవమే.

అనుమితివాదంపై ఆలంకారికులు చేసిన మరో ఆక్షేపణ కూడా ఇక్కడ గమనార్హం. ప్రత్యక్షజ్ఞానమే చమత్కారజనకం, పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకున్నంత మాత్రాన ఆస్వాదం కలగదని వారి వాదం. నాటకప్రేక్షకుని విషయంలో ఈ ఆక్షేపణ బలమైనదే. ఆటలో మాత్రం ఊహించినవాడే నడిపేవాడు. ఊహ క్షణంలో చర్యగా మారుతుంది, మరుక్షణంలో ఫలితం దానిని రుజువు చేస్తుంది లేదా ఖండిస్తుంది. అభ్యాసం ముదిరేకొద్దీ హేతువుకూ నిర్ణయానికీ మధ్య వ్యవధి తరిగిపోయి, చెవికి వినిపించిన కీచు వేలికొసన బ్రేకుగా మారుతుంది. ఆస్వాదం ఆ వ్యవధి కరిగిపోవడంలో ఉంది.

2022 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రిక ప్రచురించిన 'గ్రాన్ టురిస్మో సోఫీ' పరిశోధన దీనిని వేరే వైపునుంచి స్పష్టం చేస్తుంది. సోనీ ఏఐ రూపొందించిన ఈ కృత్రిమమేధ అగ్రశ్రేణి ఆటగాళ్లను ఓడించింది. అయితే అది తెరను చూసి నడపలేదు. ట్రాకు ఆకృతి, కారు స్థితిగతులు దానికి అంకెలుగా నేరుగా అందాయి. మనిషి చిహ్నాలనుంచి కష్టపడి రాబట్టుకునేది ఆ యంత్రానికి ముందే తెలుసు. అది మనిషికన్నా వేగంగా నడిపింది కాని మనిషి ఆడే ఆటను ఆడలేదని చెప్పవచ్చు.

5. శిక్షణ - సంపాదన:

తొలి ఆటలో ముఖ్యమైన పోటీల్లో పాల్గొనడానికి లైసెన్సులు సంపాదించాలి. మూడు లైసెన్సులు, ఒక్కొక్కదానికి ఎనిమిది పరీక్షలు. మొదటి పరీక్ష కారును వేగంగా నడిపి, గీసిన హద్దు లోపల ఆపడం. అందులో ప్రత్యర్థి లేడు, ప్రేక్షకులు లేరు. సెకనులో స్వల్పభాగం తేడాతో బంగారుపతకం చేజారుతుంది. వినోదం కోసం కొన్న వస్తువులో పరీక్షలు రాయవలసి రావడం మొదట వింతగా తోస్తుంది. వాటి ప్రయోజనం అనుమితిని ఒక్కొక్క చిహ్నంగా విడదీసి నేర్పడం. ఒక పరీక్షలో బ్రేకు, మరొకదానిలో ఒకే మలుపు, ఇంకొకదానిలో వరుస మలుపులు. వ్యాకరణం నేర్చి కావ్యపఠనానికి వెళ్లినట్లు ఆటగాడు పరీక్షలు దాటి పందేనికి వెళతాడు.

పరిశ్రమకు తగిన ప్రతిఫలమన్న విలువ కూడా ఈ నిర్మాణంలో భాగమే. వాడిన కారుతో మొదలై, గెలిచిన సొమ్ముతో సస్పెన్షన్, గేర్లు, టైర్లు మెరుగుపరుచుకుంటూ పైకి వెళ్లడం ఈ శ్రేణి చెప్పే కథ. ఆ న్యాయం దెబ్బతిన్నదని తోచినప్పుడు ఆటగాళ్లు ఎలా స్పందిస్తారో 2022 మార్చిలో 'గ్రాన్ టురిస్మో 7' విడుదలైన వెంటనే తెలిసింది. కొన్ని పోటీల బహుమతిమొత్తాలను తగ్గించిన మార్పుపై తీవ్రనిరసన వచ్చింది. నిజమైన డబ్బుతో క్రెడిట్లు కొనే వీలు ఉన్నందున ఆ నిరసన మరింత పెరిగింది. తయారీదారులు క్షమాపణ చెప్పి, ఆటగాళ్లకు 10 లక్షల క్రెడిట్లు ఇచ్చారు. కారు నడకలో ఎంత వాస్తవికత ఉన్నా, శ్రమకూ ఫలితానికీ ఉన్న సంబంధం కృత్రిమంగా తోస్తే ఆటలోకం విశ్వసనీయత సడలుతుందని ఈ ఘటన సూచిస్తుంది.

6. వాస్తవికత విడిచిపెట్టినవి:

బరువు, పట్టు, వేగం విషయంలో ఇంత పట్టుదల చూపిన ఆట మరో విషయంలో పూర్తి మౌనం వహించింది. తొలి 'గ్రాన్ టురిస్మో'లో కారు గోడను ఎంత వేగంతో ఢీకొన్నా సొట్ట పడదు. ఆటగాళ్లు దీనిని త్వరగానే పసిగట్టి గోడకు ఆనుకుని మలుపులు తిరగడం, ముందున్న కారును ఢీకొని దానినే బ్రేకుగా వాడుకోవడం మొదలుపెట్టారు. వాహనానికి తగిలిన దెబ్బ కంటికి కనిపించడం 2010 నాటి 'గ్రాన్ టురిస్మో 5'లో గాని ప్రవేశించలేదు. 2017 నాటి 'గ్రాన్ టురిస్మో స్పోర్ట్' ఆటగాళ్లమధ్య జరిగే పోటీల్లో ఢీకొట్టినవారికి సమయదండన విధించి, వారి క్రీడానీతికి ప్రత్యేకశ్రేణి ఇచ్చింది. భౌతికనియమం చేయవలసిన పనిని ఇక్కడ శిక్షాస్మృతి చేస్తోంది.

చోదకుని శరీరం మాత్రం ఏ భాగంలోనూ గాయపడదు. తొలి ఆటల్లో రహదారి పక్కన నిలిచిన ప్రేక్షకులు చాలావరకు బల్లపరుపు బొమ్మలు. వారికి లోతు లేదు, బరువు లేదు, వారిపైకి కారు వెళ్లే అవకాశమే లేదు. ఇది లోపమని తొందరపడి నిర్ణయించరాదు. దాదాపు 20.8 కిలోమీటర్ల పొడవైన జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ ట్రాకు 2004లో 'గ్రాన్ టురిస్మో 4' ద్వారా ఈ శ్రేణిలోకి వచ్చింది. దాని మలుపులను గుర్తుంచుకోవాలంటే పదులసార్లు తప్పవలసిందే. తప్పు ప్రాణాంతకమైతే అభ్యాసమే సాధ్యం కాదు. నేర్చుకునే స్వేచ్ఛ మరణాన్ని మినహాయించడం వల్ల లభించింది. నాటకశాలలో శోకం ఆస్వాద్యం కావడానికి అది ప్రేక్షకుని సొంత శోకం కాకపోవడం ఎలా అవసరమో, ఇక్కడ ప్రమాదం పాఠం కావడానికి అది వెనక్కి తీసుకోగలిగినది కావడం అలా అవసరం.

7. తెర దాటిన ఆట:

ఆ సరిహద్దును ఉద్దేశపూర్వకంగా దాటిన ప్రయత్నం జీటీ అకాడమీ. నిస్సాన్, సోనీ సంస్థలు 2008లో ప్రారంభించిన ఈ పోటీ ఉత్తమ ఆటగాళ్లను ఎంపిక చేసి నిజమైన పందెపు చోదకులుగా తీర్చిదిద్దింది. తొలి విజేత స్పెయిన్‌కు చెందిన లూకాస్ ఒర్డోన్యెస్ 2011 లె మాన్ 24 గంటల పందెంలో ఎల్ఎంపీ2 శ్రేణిలో రెండో స్థానం పొందిన జట్టులో ఉన్నాడు. 2011 విజేత, బ్రిటన్‌కు చెందిన యాన్ మార్డెన్‌బరో 2013లో అదే పందెంలో అదే శ్రేణిలో మూడో స్థానం పొందిన జట్టులో ఉన్నాడు. తెరముందు అలవడిన అనుమితి రహదారిపై కూడా చెల్లుబాటైందనడానికి ఇది గట్టి ఆధారం. బొమ్మగుర్రంపై నేర్చిన స్వారీ నిజమైన గుర్రంపై పనికివచ్చింది.

2015 మార్చి 28న నూర్బుర్గ్‌రింగ్‌లో మిగిలిన సగం ఎదురైంది. ఫ్లూగ్‌ప్లాట్స్ అనే భాగంలో రహదారి గట్టులా లేచి దిగుతుంది. అక్కడ మార్డెన్‌బరో నడుపుతున్న నిస్సాన్ కారు గాలిలోకి లేచి, కంచెను దాటి ప్రేక్షకులున్న చోట పడింది. ఒక ప్రేక్షకుడు మరణించాడు, మరికొందరు గాయపడ్డారు. ఆ గట్టుమీద కారు తేలికవుతుందన్న సంగతి ఆటలోనూ ఉంది. అక్కడ నిలబడి చూస్తున్న మనిషికి ప్రాణం ఉందన్న సంగతి ఆటలో లేదు. ఆట చోదకునికి తప్పుడు పాఠం నేర్పిందని ఇక్కడ చెప్పడం లేదు. నిజమైన పందేల్లోనే ఎదిగిన చోదకులకూ ఇటువంటి ప్రమాదాలు జరిగాయి. ఆట ఏ అంశంపై మౌనం వహించిందో ఆ అంశం ఇక్కడ స్వయంగా మాట్లాడిందన్నదే గమనించవలసిన విషయం.

2023లో నీల్ బ్లోమ్‌కాంప్ దర్శకత్వంలో వచ్చిన 'గ్రాన్ టురిస్మో' చలనచిత్రం మార్డెన్‌బరో జీవితాన్ని ఇతివృత్తంగా తీసుకుంది. అందులో ఈ ప్రమాదాన్ని లె మాన్ విజయానికి ముందు చూపారు. వాస్తవంలో లె మాన్ 2013లో, ప్రమాదం 2015లో జరిగాయి. ఈ ఘటనను చిత్రంలో చేర్చడాన్ని మార్డెన్‌బరో స్వయంగా సమర్థించాడు. తన జీవితంలో జరిగినదానిని దాచకూడదన్న అతని వైఖరిని గౌరవించవలసిందే. ఆక్షేపణ చేర్చడంపై కాదు, అమర్చిన క్రమంపై. మరణం ముందు, విజయం తర్వాత రావడంతో ఆ మరణం నాయకుడు దాటవలసిన అవరోధంగా మారింది. నాయకుడు కుంగిపోవడం, గురువు ధైర్యం చెప్పడం, మళ్లీ చక్రం పట్టి గెలవడం అనే క్రమం ఆటలో విఫలమైన పరీక్షను మళ్లీ మొదలుపెట్టడాన్ని పోలి ఉంది. ఇతిహాసకథను నాటకానికి అనుగుణంగా మార్చడం మన సాహిత్యశాస్త్రం అంగీకరించినదే. అయితే ఆ మార్పు రసోచితంగా ఉండాలని ఆనందవర్ధనుడు నియమం చెప్పాడు. ఒక అపరిచితుని నిజమైన మరణాన్ని నాయకుని ఉత్సాహానికి ఉద్దీపనగా మార్చడం ఆ ఔచిత్యానికి నిలవదు. ఆటలో అభ్యాసానికి ఆధారమైన పునరారంభాన్ని చిత్రం నిజజీవితానికీ అంటగట్టింది.

8. ముగింపు:

1. వాస్తవికమైన కారు పందెపు ఆట ఆకర్షణను దృశ్యసాదృశ్యం పూర్తిగా వివరించలేదు. మూలాన్ని ఎరుగనివారూ ఆటను వాస్తవికమని నిర్ణయిస్తున్నందున భట్టతౌతుని ఆక్షేపణ ఇక్కడా వర్తిస్తుంది.

2. కృత్రిమచిహ్నాలనుంచి కనిపించని బలాలను ఊహించి, ఆ ఊహను వెంటనే చర్యతో పరీక్షించడం ఈ ఆకర్షణకు మూలం. శంకుకుని అనుమితివాదం నాటకప్రేక్షకుని కన్నా ఇటువంటి ఆటగాని అనుభవానికి ఎక్కువగా అన్వయిస్తుంది.

3. ఆట తన నియమాలకు కట్టుబడి ఉండడం, శ్రమకు తగిన ఫలితం ఇవ్వడం దాని విశ్వసనీయతకు ఆధారాలు.

4. గాయాన్ని, మరణాన్ని మినహాయించడం అభ్యాసానికి అవసరమైన షరతు. ఆ మినహాయింపు ఆటకు చెల్లుతుంది, ఆటనుంచి పుట్టిన జీవితకథకు చెల్లదు.

అందువల్ల ఒక ఆట ఎంత వాస్తవికమైనదని అడిగే విమర్శకుడు, అది దేనిని వెనక్కి తీసుకోగలిగినదిగా చూపుతోందని కూడా అడగవలసి ఉంది. బొమ్మగుర్రం మీదనుంచి పడినవారికి దెబ్బ తగలదు. ఆ సౌకర్యం వల్లనే స్వారీ నేర్చుకోవడం సాధ్యమైంది. నూర్బుర్గ్‌రింగ్ కంచె అవతల నిలబడిన మనిషికి ఆ సౌకర్యం లేదు.